ఇసుక సంచికి కాపలా

మా మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను గొర్రెల దొడ్డి ఊడుస్తున్నాను. పెద్దారవీడు నుంచి వచ్చిన మనిషి గడప దాకా రాలేదు. దొడ్డి గోడ దగ్గరే నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని, "మీ మామ లేడమ్మా. బండి వెనక వస్తుండాది" అన్నాడు. రెండు రోజుల జ్వరమట. చెల్లెలి పొలం దున్నేది చూసి వస్తానని నవ్వుకుంటూ పోయిన మనిషి.

పొద్దు వాలుతుండగా బండి వచ్చింది. గడ్డి మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. కాళ్ళ దగ్గర చిన్న గుడ్డమూట ఉంది. విప్పి చూస్తే ఆయన చెప్పులు. కుడి చెప్పు పలచన, ఎడమ చెప్పు మందం. ఎడమదానికి బొటనవేలి మందాన తోలు పొర మీద పొర వేసి కుట్టించుకున్నాడు. కబురు విన్నప్పుడు రాని ఏడుపు నాకు ఆ చెప్పులు చూసినప్పుడు వచ్చింది.

నేను తర్లుపాడు బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పెద్ద పెద్ద మాటలు రావు. నలుగురిలో నిలబడి మాట్లాడమంటే గొంతు పెగలదు. దినాల నాడు వచ్చినవాళ్ళందరూ ఆయన గురించి ఎన్నో చెప్పారు. పంచాయితీ ఎట్లా తీర్చేవాడో, కరువు ఏడు గింజలు ఎట్లా పంచాడో చెప్పారు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. నాకు తెలిసిన మామ వేరు. ఆయనతో నేను పదకొండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ ఆసుపత్రి సంగతి చెప్పకపోతే ఆ చెప్పు ఎందుకు మందమో ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకని రాస్తున్నాను.

ఐదేండ్ల కిందటి మాట. నేను కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. మా ఇండ్లలో కోడలు మామ ఎదుట కూర్చోదు, ఆయనతో మాట్లాడదు. ఆయన లోపలికి వస్తుంటే లేచి తలుపు చాటుకు పోవాలి. ఆయన కూడా కోడల్ని పిలవడు. ఏం కావాలన్నా గోడకు చెప్పినట్టు చెబుతాడు. "చెంబులో నీళ్ళు అయిపోయినట్టుండాయి" అని ఆయన అంటే, చెంబు నింపి అందేంత దూరంలో పెట్టి నేను మళ్ళీ తలుపు చాటుకు పోయేదాన్ని. ఏడాది పాటు ఆయన ముఖం సరిగ్గా చూసింది లేదు. కాళ్ళు మాత్రం బాగా గుర్తు. నేల చూపులు చూసేవాళ్ళకు కాళ్ళే కదా కనిపించేది. రెండూ సమానంగా, గట్టిగా పడేవి.

మా బావికి కపిల ఉంది. రెండెద్దులు మోకు లాగుతూ గట్టు మీద నుంచి పల్లంలోకి దిగితే, గిలక మీదుగా తోలుబాన నిండా నీళ్ళు పైకి వస్తాయి. ఎద్దులు దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద ఎక్కి కూర్చుంటాడు, తన బరువు కూడా కలిసి వస్తుందని. ఆ రోజు మామ అట్లా కూర్చొని ఉండగా మోకు తెగింది. ఆయన పల్లంలో రాళ్ళ మీద పడ్డాడు. ఎడమ తొడ విరిగింది.

మా పక్క ఊళ్ళో ఎముకలు కట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. చేతులు, ముంజేతులు ఎన్నింటినో వెదురుబద్దలు పెట్టి సరిచేసినవాడు. ఆయన వచ్చి తొడ నిమిరి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది తొడ ఎముక. నా బద్దలకు లొంగదు. ఈ పొద్దే రైలెక్కించండి" అన్నాడు. తనకు రాని పని రాదని చెప్పిన ఆ ముసలాయనకు మామ బతికినన్నాళ్ళూ ఏటా ఒక గొర్రెపిల్లను పంపాడు.

నులక మంచంతో సహా మోసుకుపోయి తర్లుపాడు స్టేషనులో గార్డు పెట్టెలోకి ఎక్కించారు. కొన్ని స్టేషన్ల అవతల ఉంది ఆసుపత్రి. అక్కడ చెన్నపట్నంలో చదువుకొని వచ్చిన డాక్టరమ్మ ఉంది. ఆమె మామ కాలి పొడుగునా పట్టీలు అంటించి, పాదం దగ్గర తాడు కట్టి, ఆ తాడును మంచం చివర బిగించిన గిలక మీదుగా కిందికి వదిలి, దాని కొసకు ఇసుక నింపిన కాన్వాసు సంచి వేలాడదీయించింది. కాళ్ళ వైపు మంచం కోళ్ళ కింద చెక్క దిమ్మెలు పెట్టించింది. తొడ కండలు విరిగిన ఎముకను పైకి గుంజుతాయట. సంచి కిందికి గుంజుతుందట. ఆ గుంజులాటలో ఎముక తన చోటికి తాను వస్తుందట. "ఎనిమిది వారాలు. ఒక్క క్షణం కూడా ఈ సంచి దేనికీ ఆనకూడదు" అని ఆమె అందరికీ వినబడేటట్టు చెప్పింది.

మామ తల ఎత్తి గిలకను, తాడును, సంచిని చూసుకొని అత్తతో, "మోకు విరగ్గొట్టింది, మోకే అతికించాలంట" అన్నాడు.

ఇల్లు రెండుగా చీలిపోయింది. చేలు చూడాలి, గొర్రెల మందను చూడాలి. బావగారు, మా ఇంటాయన వారం మార్చి వారం రైల్లో వచ్చేవాళ్ళు. మామను పక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, మిగతా పనులు మగవాళ్ళవి. అత్త మంచం దగ్గర ఉండేది. వంట నాది. ఆసుపత్రి వెనక రేకుల పంచలో వరసగా మూడు రాళ్ళ పొయ్యిలు ఉండేవి. గిద్దలూరు వాళ్ళు, దర్శి వాళ్ళు, మార్కాపురం వాళ్ళు, ఎవరి రోగికి వాళ్ళు అక్కడే వండుకోవాలి. యుద్ధం రోజులు కాబట్టి కిరసనాయిలు లేదు, పుల్లలు తడిగా ఉంటే అందరి కళ్ళూ ఒకేసారి మండేవి. మామ చెల్లెలు వారానికి ఒకసారి పెద్దారవీడు నుంచి సజ్జరొట్టెలు, ఉల్లికారం మోసుకొచ్చేది.

నేను సంకటి, పులుసు తీసుకొని వార్డు వెనక తలుపు దగ్గర నిలబడేదాన్ని. అత్త వచ్చి అందుకునేది. రెండో వారంలో ఒకరోజు అత్త ఎంతకీ రాలేదు. తలుపు సందులోంచి చూశాను. అత్త అటూ ఇటూ చూసి, కాలితో స్టూలును మంచం చివరకు జరిపింది. సంచిని చంటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి స్టూలు మీద పెట్టింది. తాడు వదులైంది. మామ కళ్ళు మూసుకొని ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు తలుపు దాకా వినిపించింది. కాసేపటికి నర్సమ్మ చెప్పుల చప్పుడైతే అత్త సంచిని మళ్ళీ దించి వేలాడదీసి, ఏమీ ఎరగనట్టు నా దగ్గరికి వచ్చి గిన్నె అందుకుంది.

ఆమె మొగుడు, ఆమె జాలి అనుకొని ఊరుకున్నాను. మరుసటి రోజు బావగారు. అదే స్టూలు, అదే చూపు. ఆ పై వారం మా ఇంటాయన. వంటపంచ వెనక పట్టుకొని అడిగితే ఆయన నేల చూస్తూ, "నాయన ఎప్పుడన్నా ఒకటి అడిగినాడా మమ్మల్ని? పుట్టినకాడ నుంచి ఇదే మొదటిది. నేనొక్కన్నే, రోజుకొక్కసారే. అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. సజ్జరొట్టెలతో వచ్చిన మామ చెల్లెలు అయితే స్టూలు కూడా వెతకలేదు. సంచిని తన ఒళ్ళోనే పెట్టుకొని, అన్నకు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పింది.

నలుగురికి నలుగురూ తామొక్కరే అనుకున్నారు. నలుగురి సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి ఊరుకున్నాను. అత్తకు ఎదురు చెప్పడం చేతగాక అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఊపిరి విన్నాక నాకూ పోనీలే అనిపించింది. అది నా తప్పు.

నాలుగో వారం మొదట్లో డాక్టరమ్మ టేపు పట్టుకొని వచ్చి రెండు కాళ్ళూ కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఎడమ కాలు రెండు వేళ్ళు పొట్టిగా ఉంది. మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. ఆమె కేకలు వెయ్యలేదు. మంచం చుట్టూ ఉన్న మావాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసి, "సంచి పని చెయ్యక కాదు. మీరు చెయ్యనివ్వలేదు" అంది. మళ్ళీ మొదటి నుంచి ఎనిమిది వారాలు లెక్కబెట్టుకోమంది. ఈసారి కూడా ఇట్లాగే అయితే కాలు ఇక జన్మలో నేల మీద ఆనదని, ఈ మంచం కోసం గడప బయట ఎదురుచూసేవాళ్ళు ఉన్నారని, ఇంటికి తీసుకుపోయి ఎత్తుకొని తిప్పుకోవచ్చని చెప్పి వెళ్ళిపోయింది. ఎవరు ఎత్తారు అని అడగలేదు. అడిగి ఉంటే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

ఆ మధ్యాహ్నం అత్త వంటపంచలోకి వచ్చి నా పక్కన కూలబడింది. నేను సంకటి కలుపుతున్నాను. తనలో తాను చెప్పుకున్నట్టు, "నేనే ఆయన కాలు తీసినా" అంది. రోజుకు ఒక్కసారే ఎత్తానని, ఒక్కసారికే ఇంత అవుతుందనుకోలేదని ఏడ్చింది. నా చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఇప్పుడు కూడా మాట్లాడకపోతే ఇక నాకు నోరు ఎందుకు అనిపించింది.

"నువ్వొక్కదానివే కాదత్తా. బావ కూడా."

అత్త తల ఎత్తింది.

"మీ చిన్నకొడుకు కూడా. పెద్దారవీడత్త కూడా. ఆమె ఒళ్ళో పెట్టుకునింది."

కొంగుతో ముఖం తుడుచుకుంది. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి ఆమెకు. "ఆయన మంచాన పడుంటే, మనమందరం సంచిని మోసినామా!" అంది. తర్వాత ముఖం గట్టిగా పెట్టుకొని లేచింది. మా అత్త అట్లా లేచిందంటే ఆ పని అయినట్టే.

అది వారం మారే రోజు కాబట్టి కొడుకులిద్దరూ ఉన్నారు, పెద్దారవీడత్త కూడా వచ్చింది. ఆ సాయంత్రం అత్త మంచం చుట్టూ అందరినీ నిలబెట్టింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఒక్కొక్కరి చేత ఒప్పించింది. బావగారు మీసం సవరించుకుంటూ తాను వారానికి రెండు మూడుసార్లే అన్నారు. అత్త మామ వైపు తిరిగి, "ఇంతమందినీ అడిగినావా?" అంది.

"ఒక్కొక్కరిని రోజుకొకసారే అడిగినా గదా" అన్నాడు మామ.

పక్క మంచం మీద దర్శి ముసలాయన ఉండేవాడు, చెయ్యి విరిగి వచ్చినవాడు. ఆయన పకపకా నవ్వాడు. మామ నవ్వలేదు. పైకప్పు చూస్తూ చెప్పాడు. "తప్పు నాది. నొప్పి లేస్తే నాకు నోరు ఆగదు, అడుగుతా. నేను అడిగితే మీరు ఎత్తుతారు. నేను అడగలేని మనిషిని ఈడ కూర్చోబెట్టండి. అట్లాంటి మనిషి ఉంటే కాలు ఉంటది."

అట్లాంటి మనిషి మా ఇంట్లో ఎవరున్నారు? అత్త మెల్లగా తలుపు వైపు తిరిగింది. ఆమె చూపు వెంబడి అందరూ తిరిగారు. నేను గోడలోకి దూరిపోదామా అన్నంతగా వెనక్కి జరిగాను.

మరునాటి నుంచి వంట అత్తది, కాపలా నాది. మంచం చివర, సంచి పక్కన, నేల మీద కూర్చున్నాను. ఆయనకు నేను కనబడను, నాకు ఆయన పాదాలు మాత్రం కనబడతాయి. స్టూలు అక్కడే ఉన్నా దాని మీద కూర్చోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంటి నుంచి కదురు, గొర్రెబొచ్చు తెప్పించుకొని నూలు తీస్తూ ఉండేదాన్ని. దర్శి ముసలాయన, "ఏం బావా, కోడలా జైలు జవానా?" అని ఎగతాళి చేసేవాడు.

మొదటి నాలుగు రోజులు చాలా కష్టం. ఆయన పళ్ళు కరచుకోవడం వినబడేది. నా కదురు మీద నూలు తెగిపోయేది. అడగడానికి నోరు తెరిచి, ఎదుట ఉన్నది కోడలని గుర్తొచ్చి మూసుకునేవాడు. ఐదో రోజు ఆయన గిలకను చూస్తూ, "కిర్రుకిర్రుమంటుండాది. ఎవరన్నా ఇంత ఆముదం వేస్తే బాగుండు" అన్నాడు. నేను లేచిపోయి వంటపంచలోంచి ఆముదం తెచ్చి వేలితో గిలక ఇరుసుకు పూశాను. చప్పుడు ఆగింది. "ఆఁ" అన్నాడు. అంతే. మా ఇద్దరి మాటలు అట్లా మొదలయ్యాయి. ఆయన గిలకకు చెబుతాడు, నేను పనితో జవాబిస్తాను. కిటికీకి ఎండ ఎక్కువైందంటే తడిక దించేదాన్ని. గోడకు దాహంగా ఉందంటే నీళ్ళు పెట్టేదాన్ని. ఇంటి నుంచి కార్డు వస్తే దర్శి తాత దగ్గరికి పోయి, ఆయనకు చదివి వినిపిస్తున్నట్టు గట్టిగా చదివేదాన్ని. ఏ గొర్రె ఈనిందో, ఏ చేను కలుపు తీశారో ఆ తాతకెందుకు? అయినా చెవి ఒగ్గి విని, "మీ నల్లగొర్రె ఈనిందంట బావా" అని తిరిగి మామకు చెప్పేవాడు.

కొత్త లెక్కలో ఐదో వారం నడుస్తుండగా మా వైపు తొలివాన పడిందని కార్డు వచ్చింది. అరక కట్టారట. నేను చదువుతుంటే మామ కాలివేళ్ళు కదలడం చూశాను. ఆ మధ్యాహ్నం అత్త బట్టలు ఉతకడానికి పోయింది, బావగారు మందు కోసం పోయారు, దర్శి తాత నిద్రపోతున్నాడు. మామకు తొడ కండ పట్టేసింది. మంచం పట్టెలు పట్టుకొని మెలికలు తిరిగాడు. నేను లేచి నిలబడ్డాను. మొదటిసారి ఆయన ముఖం నిండుగా చూశాను. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

ఆయన గిలకను చూడలేదు, గోడను చూడలేదు. నన్ను చూశాడు.

"అమ్మా. ఒక్కసారి ఎత్తమ్మా. ఒక్క ఘడియ."

నన్ను ఆయన అట్లా పిలవడం అదే మొదలు. నా తండ్రి కూడా నన్ను అంత మెత్తగా పిలవలేదు. నేను వంగి సంచి కింద రెండు చేతులూ పెట్టాను. నెల తిరిగిన గొర్రెపిల్ల కంటే బరువు లేదు. కొంచెం ఎత్తితే చాలు, స్టూలు పక్కనే ఉంది. ఎవరూ చూడరు. ఐదు వారాలు పోతాయి. చేతులు వెనక్కి తీసుకున్నాను.

"ఎత్తను మామా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన మళ్ళీ అడిగాడు, ఇంకా మెత్తగా. స్టూలు వైపు చెయ్యి చాపి చూపించాడు. ఆ స్టూలు అక్కడ ఖాళీగా ఉన్నంతసేపు ఆయన అడగకుండా ఉండలేడు, నేను ఎత్తకుండా ఉండలేను అని నాకు తెలిసిపోయింది. నేను పోయి దాని మీద కూర్చున్నాను.

మామ ఎదుట, ఆయన ముఖానికి ముఖం పెట్టి, ఎత్తు పీట మీద. మా అమ్మ చూసి ఉంటే అక్కడే తల బాదుకునేది. "లేచి నడిచినాక ఎంతన్నా తిట్టండి. ఇప్పుడు మాత్రం ఎత్తను" అన్నాను.

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. కండ పట్టు మెల్లగా వదిలింది. ఊపిరి కుదుటపడింది. అప్పుడు బయట గేటు దగ్గర అత్త మాట వినబడింది. నేను గబుక్కున లేవబోయాను.

"కూర్చో అమ్మా" అన్నాడు. "దిగొద్దు."

అత్త తడిబట్టల మూటతో లోపలికి వచ్చి, నేను స్టూలు మీద కూర్చొని ఉండటం, ఆయన నా వైపే చూస్తుండటం చూసి ఆగిపోయింది. మామే చెప్పాడు, "దాన్ని ఆడనే కూర్చోనీ. కాలు ఉంటది" అని. అత్త మూట దించి, కొంగు పిండుకుంటూ బయటికి పోయింది. మిగతా మూడు వారాలు పైబడి నేను ఆ స్టూలు మీదే నూలు వడికాను. ఆయన మళ్ళీ అడగలేదు. నొప్పి ఎక్కువైనప్పుడు, "ఏదన్నా చెప్పమ్మా" అనేవాడు. నాకు చెప్పడానికేముంది? మా బడిలో పలక పగలగొట్టుకుంటే పంతులు ఏం చేసేవాడో, మా నాయన పలకల గని నుంచి వస్తే దుమ్ముకు మీసం తెల్లగా ఎట్లా ఉండేదో, అవన్నీ చెప్పాను. నాలో అన్ని మాటలున్నాయని నాకే తెలియదు.

చివరి వారం డాక్టరమ్మ టేపు తెచ్చి కొలిచింది. బొటనవేలి మందం తేడా మిగిలింది. మొదటి వారాలు పోకుండా ఉంటే అదీ ఉండేది కాదంది. ఎముక మాత్రం గట్టిగా పట్టిందని, ఇక నేల మీద పెట్టవచ్చని చెప్పింది. బావగారు ఒక పక్క, మా ఇంటాయన ఒక పక్క పట్టుకుంటే మామ లేచి నిలబడ్డాడు. గిలక వైపు చూసి, ఆ సంచి నాకిస్తారా అని డాక్టరమ్మను అడిగాడు. ఆమె నవ్వి ఇప్పించింది.

ఇంటికొచ్చాక ఆయన మొదట చేసిన పని చెప్పులు కుట్టించుకోవడం. రెండోది దొడ్డి తడికకు గిలక బిగించడం. తాడు ఒక కొస తడికకు, ఇంకో కొసకు ఆ ఇసుక సంచి. తడిక తోసుకొని పోతే సంచి పైకి లేస్తుంది, వదిలేస్తే సంచి దిగి తడిక దానంతట అదే మూసుకుంటుంది. ఏటా ఒకసారి నేను సంచికి మాసికలు వేసి, గుండ్లకమ్మ ఏటి ఇసుక నింపేదాన్ని. మూడోది, వడ్రంగి చేత ఒక పీట చేయించడం. అది నాకు. ఎవరు ఇంటికి వచ్చినా, ఎంత పెద్దవాళ్ళున్నా, నేను తలుపు చాటున నిలబడితే, "పీట వేసుకో అమ్మా" అనేవాడు. మొదట్లో ఊళ్ళో ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు కార్డులు, కాగితాలు పట్టుకొని నా పీట దగ్గరికి రావడం మొదలుపెట్టారు, చదివిపెట్టమని.

కుంటుతున్నావేమి మామా అని ఎవరన్నా అడిగితే, "ఈ వేలెడు పొట్టి మావాళ్ళ అభిమానం, మిగతా కాలు మా కోడలి మొండితనం" అనేవాడు. నేను ఆయనతో ఆడిన మొట్టమొదటి మాట 'ఎత్తను' అని అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఒకసారి వేరేగా చెప్పాడు. నా మొదటి బిడ్డకు పొంగు పోసి, అడిగిన తిండి పెట్టకుండా పత్యంలో ఉంచలేక నేను ఏడుస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "బరువు దించేవాళ్ళు శానామంది ఉంటారమ్మా. ఉంచి పక్కన కూర్చునేవాళ్ళు ఒకరన్నా ఉండాల" అన్నాడు. నేను కళ్ళు తుడుచుకొని పత్యం పెట్టాను. బిడ్డ దక్కింది.

బండి వచ్చిన ఆ సాయంత్రం, వాకిట్లో ఆయన్ను దించి పడుకోబెట్టారు. ఊళ్ళో పెద్దలందరూ వచ్చారు. ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. నేను అలవాటు కొద్దీ తలుపు దగ్గర నిలబడ్డాను. పీట వేసుకో అనే మనిషి లేడు. అత్త ఆయన తల దగ్గర కూర్చొని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. తల ఎత్తి నా కోసం చూసింది.

"నీ పీట తెచ్చుకొని ఆయన కాళ్ళకాడ కూర్చో" అంది.

ఎవరో ముసలామె, పీనుగ దగ్గర కోడలు పీట మీద కూర్చోవడమేమిటి, ఎక్కడి వింత అని గొణిగింది. అత్త ఆమె వైపు తిరగలేదు.

"ఆయన వేసిన పీట అది. దిగొద్దన్నాడు" అంది.

నేను పీట తెచ్చుకొని కూర్చున్నాను. రెండు పాదాలూ దుప్పటి కింద నుంచి బయటికి కనబడుతున్నాయి. ఎడమది కొంచెం వెనకగా ఉంది. ఆ సమయానికే మంద మేత నుంచి తిరిగి వచ్చింది. గొర్రెలకు ఏం తెలుసు? రోజూ లాగే తడిక తోసుకొని దొడ్డిలోకి పోయాయి. చివరి గొర్రె కూడా పోయింది. పైకి లేచిన సంచి మెల్లగా కిందికి దిగింది, తడిక మూసుకుంది. మూసుకుంటుంటే గిలక కిర్రుమంది.

మరునాడు తెల్లవారి, అందరూ లేవకముందే, నేను ఆముదం చెంబు తీసుకొని దొడ్డి దగ్గరికి పోయాను.